వడపోసిన వణుకు

మా పెళ్ళయి యాభై మూడు రోజులైంది. ఇంకా రోజులు లెక్కపెడుతోందని నవ్వకండి. మొన్న మా ఆయన పెసరట్టు తిరగేయబోయి సగం పెనం మీద, సగం నేల మీద వేశారు. ఆ నేల మీది సగం పక్కనే చతికిలబడి ఇద్దరం పావుగంట నవ్వుకున్నాం. ఇలాంటివన్నీ నాకు పండగలే. అందుకే ఈ సంగతి రాయడం కష్టంగా ఉంది. నా సంతోషం ఏ గదిలో మొదలైందో, నా తప్పూ ఆ గదిలోనే మొదలైంది.

మా ఆయన పేరు చక్రధర్. విజయనగరంలో ఒక బడిలో డ్రిల్లు మాస్టారు. నేను అదే ఊళ్ళో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. కండరం కదలబోయే ముందు అందులో పుట్టే సన్నటి విద్యుత్తును పట్టుకుని, తెర మీద గీతగా మార్చి చదవడం నా పని. పెళ్ళిచూపుల్లో అబ్బాయి చదువు, ఎత్తు అడుగుతారు కదా. నాకు అప్పటికే ఆయన గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తెలుసు. కుడి భుజం కంటే ఎడమ భుజం ఎంత ముందు మేలుకుంటుందో కూడా తెలుసు.

మా ప్రయోగశాల పెద్ద సుగుణాకర్ గారు. ప్రార్థన వేళ బడిపిల్లలు ఎండకు కళ్ళు తిరిగి పడిపోవడం చూసి ఆయన ఈ పని మొదలుపెట్టారు. "పిల్లలకు ఆడుకునే తీరికా లేదు, ఒంట్లో సత్తువా లేదు. తీరిక మనం ఇవ్వలేం. సత్తువైనా ఇద్దాం," అనేవారు. ఒక మంచి కసరత్తుగాడు దండీ తీసేటప్పుడు అతని కండరాలకు అందే ఆజ్ఞలను నమోదు చేయాలి. పలచటి చొక్కాలో కుట్టిన తీగల ద్వారా వాటినే పిల్లల కండరాలకు పంపాలి. పిల్లవాడు కుర్చీలో కూర్చుని లెక్కలు చేస్తూనే ఉంటాడు. ఒళ్ళు మాత్రం దండీలు తీస్తుంది. ఇదీ ఆయన ఊహ.

ఆ మంచి కసరత్తుగాడిగా వచ్చిన మనిషే చక్రధర్. వాళ్ళ తాతగారి కసరత్తుశాలలో, అదే తాలింఖానాలో, ఆరో ఏట నుంచి దండీలు, బస్కీలు తీసిన ఒళ్ళు. నేను ముప్ఫై రెండు చోట్ల విద్యుత్తును పట్టే బిళ్ళలు అంటించాను. ఆయన అరచేతులు నేలకు ఆనించి, నడుము పైకెత్తి, ఛాతీ నేలను రాసుకుంటూ కిందికి వెళ్ళి, పాము పడగ ఎత్తినట్టు పైకి లేచారు. తెర మీద గీతలు చూడడం మానేసి నేను మనిషినే చూస్తున్నానని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

నూరు దండీలయ్యాక గీతలు తిరగేస్తూ అడిగాను. "మాస్టారూ, ప్రతి దండీలోనూ మీరు కిందికి దిగాక చేతుల్లో చిన్న వణుకు కనిపిస్తోంది. ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంది. అలసటా?"

"రెండో దండీకే అలసటేంటండీ!" ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. "మీరు ఎదురుగా కూర్చుని అలా చూస్తుంటే చేతులు వణకవా మరి?"

నేను తల ఎత్తలేదు. ఆ సాయంత్రం సుగుణాకర్ గారు నా వెనక నిలబడి తెర చూశారు.

"ఈ గజిబిజి ఏంటమ్మా?"

"ఏం లేదు సార్. మాస్టారు కొంచెం కంగారుపడ్డారు."

"అయితే తీసెయ్. మాస్టారి కంగారు పిల్లలకెందుకు?"

వడపోత పెట్టి ఆ వణుకు మొత్తం తీసేశాను. గీత అద్దంలా నునుపుగా వచ్చింది. అసలు నమోదును మాత్రం వేరే చోట దాచుకున్నాను. ప్రేమలేఖను బీరువాలో చీరల కింద దాచుకుంటారు చూడండి, అలా.

*

చొక్కాలు బడికి వెళ్ళాయి. మొదటి రోజు నేను తరగతి వెనక బెంచీలో కూర్చున్నాను. నలభై మంది నాలుగో తరగతి పిల్లలు భాగహారాలు చేస్తున్నారు. చేతికి ముందున్న కండ, వెనకున్న కండ ఒకేసారి బిగుసుకుంటాయి కాబట్టి చెయ్యి కదలదు, పెన్సిలు జారదు. బిగిసి వదిలినప్పుడల్లా యూనిఫారం కింద చిన్న అలలాగా కదిలేది. ముందు కితకితలని కిలకిలలాడారు. వారం తిరిగేసరికి మరిచిపోయారు.

ఆరు నెలల్లో వాళ్ళ బలం రెండింతలైంది. మేం ఒక పలకను గోడకు బిగించి, పిల్లల చేత తోయించి కొలిచేవాళ్ళం. అందరికంటే గట్టిగా తోసిన పిల్ల పైడిశ్రీ. ఆ బడిలో ఆయాగా పనిచేసే రవణమ్మ కూతురు. అగ్గిపుల్లలాంటి పిల్ల. తోసేసి, అంతటితో ఆగక వాళ్ళమ్మను నడుం పట్టి అమాంతం ఎత్తేసింది.

"ఓలమ్మో, దించీవే! ఒగ్గీవే నన్ను! మీదేటి మందమ్మా, గుంటకి బూతం పట్టినట్టు బలం ఒచ్చీసింది!" అని రవణమ్మ గాల్లో కాళ్ళు ఆడిస్తూ నవ్వింది. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆ ఫొటో మా ప్రయోగశాల గోడ మీద పెద్దది చేసి పెట్టుకున్నాం.

ఇక డ్రిల్లు పీరియడ్ ఎందుకన్నారు బడివాళ్ళు. దాని చోట ఇంకో లెక్కల పీరియడ్ వచ్చింది. మైదానంలో బస్సులు నిలిపారు. చక్రధర్‌ను తీసేయలేదు గానీ, మెడలో ఈలతో సహా బస్సుల దగ్గర నిలబెట్టారు.

అప్పటికి మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలై ఏడాది. క్షమించమని అడగడానికి నేను కోట దగ్గర టీ కొట్టుకు వెళితే, ఆయనే నన్ను ఓదార్చారు. "పిల్లలు గట్టిపడుతున్నారు కదా హైమా. వాళ్ళకు వెళ్తున్నది నా ఒంట్లోదే కదా. రోజూ నాలుగు వందల మందితో కలిసి దండీలు తీస్తున్నట్టే నాకు." ఆ మాటకే ఈయనను చేసుకుంటానని తీర్మానించుకున్నాను. రెండిళ్ళ పెద్దవాళ్ళను ఒప్పించేసరికి ఇంకో ఏడాది పట్టింది.

పెళ్ళయిన మూడో వారంలో, ఒకరోజు పొద్దున్నే అరటికాయ తరుగుతూ అన్నారు. "హైమా, పిల్లలు పడే తీరు బాగోలేదు."

"ఏ తీరుగా పడాలేం? నాట్యం చేస్తూ పడాలా?"

"అది కాదు. పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకు చాస్తారు. వీళ్ళు బియ్యం బస్తాల్లా పడుతున్నారు. ఈ నెలలో నలుగురికి ముక్కులు పగిలాయి."

నేను ఆయన చేతిలోంచి కత్తి లాక్కుని నవ్వాను. "డ్రిల్లు పీరియడ్ తిరిగి కావాలని సూటిగా చెప్పొచ్చుగా! పెళ్ళాం కనిపెట్టిన చొక్కా మీద ఇంత కుళ్ళా మాస్టారూ?"

ఆయన కూడా నవ్వేశారు. కొత్త కాపురం కదా, ఒకరి మాటకు ఒకరం నవ్వకుండా ఉండలేని రోజులు. ఆ రోజు నేను నవ్వకుండా విని ఉంటే ఇరవై రోజులు ముందుగా తెలిసేది. ఇరవై రోజుల్లో ఏం మార్చగలిగేవాళ్ళమో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

*

పైడిశ్రీ బస్సు చివరి మెట్టు మీద తూలింది. ఎవరూ తోయలేదు. పుస్తకాల సంచీ బరువుకు ముందుకు వంగింది, అంతే. చక్రధర్ నాలుగడుగుల దూరంలో ఉన్నారు. ఆయన పరిగెత్తేలోపు పిల్ల బస్సుల వరస కోసం పాతిన ఇనప కమ్మీ మీద పడింది. తల్లిని ఎత్తగలిగిన ఆ రెండు చేతులూ ఒంటికి అతుక్కునే ఉన్నాయట. చెంప ఎముక విరిగింది. ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. ఆ కంటితో ఇక వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియవన్నారు.

ఆస్పత్రి వరండాలో రవణమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అంత బలం ఉన్న గుంట ఎలాగ పడిపోనాదమ్మా? దిష్టి తగిలీసిందేటి? ఆ పొటో గోడ మీద ఎట్టినారు గదా, అందరూ సూసీసినారేమో. తీయించీవమ్మా."

తీయిస్తానని చెప్పాను. 

పదో రోజున పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. దుంపల కూర ఎందుకు పెట్టలేదని తల్లితో తగువు పడుతోంది. నేను పక్కన కూర్చుని ఒక ఆట ఆడదామన్నాను.

"కన్ను మూసుకో పైడీ. నీ కుడి చెయ్యిని నేను ఎంత ఎత్తులో పెడతానో, ఎడమ చెయ్యిని కూడా సరిగ్గా అంత ఎత్తుకు లేపాలి."

కుడి చెయ్యిని భుజం ఎత్తున పట్టుకున్నాను. పిల్ల ఎడమ చెయ్యిని లేపి నడుము దగ్గర ఆపింది.

"సరిపోయిందా అక్కా?"

"ఒక్కసారి చూసుకోమ్మా."

కన్ను తెరిచి చూసుకుని బిత్తరపోయింది. "అదేటి! సమానంగానే ఉందనుకున్నానక్కా!"

మళ్ళీ ఆడింది. ఈసారి చెయ్యి చెవి దాటిపోయింది. బడికి వెళ్ళి చొక్కా తొడిగిన ఇంకో పాతిక మంది పిల్లలతో ఆడించాను. జానెడు తేడా, మూరెడు తేడా. చొక్కా ఎన్నడూ ఎరగని, కిందటి వారమే కొత్తగా చేరిన ఒక పిల్ల రెండు చేతులూ గీత గీసినట్టు నిలిపింది. మేం రెండేళ్ళపాటు వాళ్ళ బలాన్ని కొలిచాం. తన చెయ్యి ఎక్కడుందో పిల్లకు తెలుస్తోందా అని ఒక్కరోజూ అడగలేదు.

ఇంటికి వచ్చి, దాచుకున్న ఆ అసలు నమోదును బయటికి తీశాను. నూరు దండీలు, నూరు వణుకులు. ఏ రెండూ ఒకలా లేవు. సిగ్గు అయితే పదింటికో ఇరవైకో తగ్గాలి కదా. నూరోదానిలోనూ అలాగే ఉంది. ఇంత చిన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తట్టకూడదని నేనే అనుకున్నానేమో.

మర్నాడు పొద్దున్న డాబా మీద ఆయన ఒంటికి మళ్ళీ బిళ్ళలు అంటించాను.

"పెళ్ళయ్యాక కూడా నన్ను చూడడానికి బిళ్ళలు కావాలా?" అన్నారు.

"మాట్లాడకండి. దండీ తీయండి."

నేను పిట్టగోడ వైపు తిరిగి, ఆయనకు నా వీపు మాత్రమే కనిపించేలా కూర్చున్నాను. ఇరవై దండీలు తీశారు. తెర మీద ఇరవై వణుకులు వచ్చాయి.

"ఏవండీ, ఇప్పుడు కూడా నన్ను చూస్తే సిగ్గేనా?"

"నీ జడ చూస్తే సిగ్గెందుకే?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. వచ్చి తెర ముందు కూర్చున్నారు. నేను వేలు పెట్టి చూపించాను. కిందికి దిగినప్పుడు ఒళ్ళు వెంట్రుకవాసి ఎడమకు ఒరిగింది. చెయ్యి ఆ సంగతి తలకు చెప్పింది. తల సరిచేయమంది. చెయ్యి సరిచేసింది. మళ్ళీ కుడికి ఒరిగింది, మళ్ళీ కబురు, మళ్ళీ సవరణ. ఒక్క క్షణంలో పది పన్నెండుసార్లు. వణుకంటే అదే. తన బరువును తన చేతుల మీద మోసే మనిషికీ, ఆ చేతులకీ మధ్య నడిచే మాటామంతీ.

నేను ఆ మాటలన్నీ తుడిచేసి, ఉత్త ఆజ్ఞలను పిల్లలకు పంపాను. రెండేళ్ళపాటు వాళ్ళ చేతులు వాళ్ళు అడగకుండానే బిగుసుకున్నాయి, వాళ్ళు అడగకుండానే వదులయ్యాయి. ఇక చేతులు చెప్పేది వినాల్సిన పని తలకు లేకపోయింది. వినడం మానేసింది.

ఆయన ఒంటి మీది బిళ్ళలు ఒక్కొక్కటే ఊడదీసుకున్నారు. తర్వాత, "ఆ రోజు నేను సరదాకి అన్నాను హైమా. నిన్ను నవ్విద్దామని," అన్నారు.

"తెలుసు. నేను నమ్మడం కూడా సరదాగానే నమ్మాను."

*

సుగుణాకర్ గారు గీతలన్నీ రెండుసార్లు చూశారు. బల్ల మీద ఇంకో ఎనభై బడులకు చొక్కాలు పంపే కాగితాలు ఉన్నాయి.

"సరే, వణుకు కలిపి కొత్త చొక్కా చేద్దాం. నీ దగ్గర నూరు రకాలున్నాయి కదా."

"అవి మాస్టారి బరువుకు వచ్చినవి సార్. పైడిశ్రీ బరువుకు పైడిశ్రీ వణకాలి. నేల మీద చేతులు పెట్టి, పడబోయి, ఆపుకుని. ఇంకొకరి సవరణను మనం ఎలా పంపుతాం?"

"అంటే మళ్ళీ మామూలు డ్రిల్లే అంటావ్."

"అవును సార్."

"మరి మనం ఇన్నాళ్ళూ చేసిందేంటమ్మా?"

 ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. మూడు రోజులు నన్ను తన గదికి పిలవలేదు. నాలుగో రోజు నేను రాసిన నివేదిక తిరిగి నా బల్ల మీదికి వచ్చింది. 'వడపోత నా పొరపాటు' అని నేను రాసిన చోట 'నా' కొట్టేసి 'మా' అని దిద్దారు. నివేదిక కింద తన పేరు ముందు రాసి, నా పేరు తర్వాత పెట్టారు. ఎనభై బడుల కాగితాలు చెత్తబుట్టలో కనిపించాయి.

రవణమ్మకు మాత్రం నేనే వెళ్ళి చెప్పాలనుకున్నాను. చక్రధర్ వీధి చివరి దాకా వచ్చి అక్కడే నిలబడ్డారు. ఆమె గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది. నేను మొదటి నుంచీ చెప్పాను. ఆ వణుకును మా ఆయన సిగ్గనుకుని మురిసిన మాట కూడా దాచలేదు.

చేట ఆగింది. "అయితే దిష్టి కాదన్నమాట."

"కాదు."

"మీరు మొగుడూ పెళ్ళాలు మురిసిపోనారు. నా గుంట కన్ను పోనాది."

"అవును రవణమ్మా."

ఆమె తిడుతుందని, ఏడుస్తుందని సిద్ధపడి వెళ్ళాను. బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "ఇప్పుడేటి సెయ్యాలో సెప్పు. కన్ను మాటొగ్గీ. సేతుల మాట సెప్పు."

"రోజూ నేల మీద కసరత్తు చేయించాలి. దండీలు, బస్కీలు, పాకడం, పిల్లిమొగ్గలు. అందరితో కలిసి."

"పడిపోతాది గదా."

"పడుతుంది. మాస్టారు పక్కనే ఉంటారు. కానీ పడకుండా అయితే రాదు."

"ఎన్నాళ్ళకి ఒస్తాది?"

"నాకు తెలీదు."

"ఇంత సదువుకున్నావు, అదీ తెలీదేటి," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

*

నివేదిక చదివి బడివాళ్ళు చొక్కాలు తీయించారు. బస్సులు మైదానం వదిలి రోడ్డు పక్కకు వెళ్ళాయి. చక్రధర్ రెండు రోజులు గడ్డపారతో కమ్మీలు తవ్వి తీశారు. మూడో రోజు పొద్దున్న ఏడింటికి నలభై మంది నేల మీద వరసగా నిలబడ్డారు. చివరన పైడిశ్రీ. ఎడమ కంటికి తెల్లటి పట్టీ. తల్లి చీపురు పట్టుకుని వరండాలో నిలబడింది. ఊడవడం లేదు.

పైడిశ్రీ పక్కన నేను. కండరాల మీద పట్టా పుచ్చుకున్న నేను జీవితంలో ఒక్క దండీ తీయలేదని ఆ క్షణం దాకా నాకే గుర్తు రాలేదు. చుడీదారు పైకి దోపుకున్నాను.

"మా తాతగారి తాలింఖానాలో ఒక పద్ధతి ఉండేది," అన్నారు చక్రధర్ పిల్లలతో. "వరసలో ఆఖరివాడు పైకి లేచేదాకా లెక్క ముందుకు పోదు. లేచినవాళ్ళు చేతుల మీదే ఉండి ఆగాలి. సరేనా? అందరూ కిందికి... ఒకటి!"

అందరం దిగాం. నా మోచేతులు ఒకదానికొకటి సంబంధం లేనట్టు చెరో వైపు పోయాయి. గడ్డం మట్టిలో గుచ్చుకుంది. ఎవరో పకపకా నవ్వారు. మెల్లగా ఒక్కొక్కరూ లేచారు. నేనూ ఎలాగో లేచాను. పిల్లల చేతుల్లో బలానికేం కొదవ లేదు, అది మేమిచ్చిందే. కొందరు ఎగిరినట్టు లేచి పక్కకు దొర్లిపోయి, మళ్ళీ చేతుల మీదికి వచ్చారు.

పైడిశ్రీ ఛాతీ నేల మీద ఉంది. చేతులు ఎక్కడున్నాయో తల తిప్పి కంటితో వెతుక్కుంటోంది. కుడి చెయ్యి కనిపించింది. ఎడమది చూడాలంటే ముఖం మొత్తం అటు తిప్పాలి. అటు తిప్పేసరికి కుడిది జారుతోంది.

"చూడకు పైడీ," అన్నారు చక్రధర్, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని. "చెయ్యినే అడుగు."

"అడుగుతున్నాను సార్. అది పలకట్లేదు."

 ముప్ఫై తొమ్మిది మంది చేతుల మీద నిలిచి ఉన్నారు. రెండో వరసలో లావుపాటి పిల్ల ఒకతి చెమటలు కక్కుతూ అరిచింది. "ఒసే పైడీ, బేగి లెగవే! నా సేతులు ఊడి నీ మీదే పడతాయి!"

"ఉండవే, గోల!" అంది పైడిశ్రీ, మట్టిలోకే.

నవ్వాం. పైడిశ్రీ మళ్ళీ లేవబోయింది, మళ్ళీ పక్కకు ఒరిగింది, మళ్ళీ దిగింది. చక్రధర్ చేతులు ఆమెకు రెండంగుళాల దూరంలోనే ఉన్నాయి. పట్టుకోలేదు. పట్టుకోకుండా ఉండడానికి ఆయన ఎంత కష్టపడుతున్నారో ఆ మెడ నరాలు చూస్తే తెలుస్తోంది. వరండాలో చీపురు కింద పడిన చప్పుడైంది.

నా భుజాలు మండిపోతున్నాయి. ముందు వరసలో ఒకరిద్దరు కూలబడి, ఎవరూ చెప్పకుండానే మళ్ళీ లేచి చేతుల మీద నిలబడ్డారు. మొదటి పీరియడ్ గంట కొట్టారు. ఏ పిల్లా కదల్లేదు. చక్రధర్ గంట వైపు చూడలేదు.

ఆ రోజు లెక్క ఒకటి దాటలేదు.